ద్రావణాలు – 3వ పాఠం: త్వరగా కరగడం వేరు, ఎక్కువ కరగడం వేరు

ఈసారి వాయువులతో మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన రెండు గ్లాసుల ప్రశ్నకు వచ్చిన జవాబులు చూశాక వాయువులను వెనక్కి జరపక తప్పలేదు. ప్రశ్న ఇదీ: రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు, రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. ఒకదానిలో రాళ్ల ఉప్పు, రెండోదానిలో మెత్తటి ఉప్పు. ఇక కరగదు అనేదాకా వేస్తూ పోతే ఏ గ్లాసులో ఎక్కువ ఉప్పు పడుతుంది? చాలామంది ‘మెత్తటి ఉప్పే’ అని రాశారు. కొందరు ‘చెంచాతో బాగా కలిపితే ఇంకా పడుతుంది’ అని కూడా చేర్చారు. రెండూ తప్పే.

కణాల అమరిక, ద్రావితం (కరిగేది), ద్రావణి (కరిగించుకునేది) మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. ‘ఉప్పు ద్రవమైపోయింది’ అని రాసినవాళ్లకు మాత్రం ఒక్క మాట. ఉప్పు ద్రవంగా మారాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. గ్లాసులో జరిగింది అది కాదు. ఉప్పులోని సోడియం, క్లోరైడ్ అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న కణాలను, నీటి అణువులు చుట్టుముట్టి స్ఫటికం నుంచి విడదీశాయి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్లు తగిలేది స్ఫటికం పైభాగానికే. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి బయటి వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక మిల్లీమీటరు భుజం ఉన్న వెయ్యి ముక్కలు చేయండి. వైశాల్యం మొత్తం 60 అవుతుంది. పది రెట్లు! అందుకే పొడి గబగబా కరుగుతుంది. కానీ ఎంత కరగగలదన్నది ముక్కల సైజును బట్టి మారదు. హాలుకు తలుపులు పెంచితే జనం త్వరగా లోపలికి వెళ్తారు, కుర్చీలు మాత్రం అన్నే ఉంటాయి.

100 గ్రాముల నీటిలో, గది ఉష్ణోగ్రత దగ్గర, ఉప్పు సుమారు 36 గ్రాములు కరుగుతుంది. రాళ్లైనా 36, పొడైనా 36, గంటసేపు కలిపినా 36. రాళ్లు వేసినవాళ్లు ఓపిక పట్టక మధ్యలోనే ‘ఇక కరగదు’ అని రాసేశారు. గొడవంతా అక్కడే వచ్చింది.

కలపడం దేనికంటే, స్ఫటికం చుట్టూ చిక్కగా పేరుకున్న ద్రావణాన్ని పక్కకు తోసి, కొత్త నీళ్లు తగిలేలా చేయడానికి. నాకు చెంచా కంటే దారం ఇష్టం. పెద్ద చక్కెర పలుకును దారానికి కట్టి, నీటి పైభాగంలో మునిగేలా వేలాడదీసి, గ్లాసును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పలుకు కింద నుంచి సన్నటి తీగల్లాంటి చారలు వణుకుతూ అడుక్కి జారుతుంటాయి. అది బరువెక్కిన ద్రావణం. అది దిగుతుంటే కొత్త నీళ్లు పలుకును చేరతాయి. అడుగున పడేసిన పలుకు తన ద్రావణంలోనే మునిగి ఉండి నెమ్మదిగా కరుగుతుంది.

సంతృప్త ద్రావణంలో, అంటే ఇక ఎక్కువ ఉప్పు పట్టని ద్రావణంలో, కరగడం ఆగిపోతుందనుకోకండి. స్ఫటికాన్ని వదిలివెళ్లే అయాన్లు ఎన్నో, తిరిగి వచ్చి అతుక్కునేవీ అన్నే. మూల విరిగిన స్ఫటికాన్ని అందులో చాలా రోజులు ఉంచితే ఆకారం మారవచ్చు, బరువు మాత్రం మారదు.

వేడి సంగతి వేరు. అది వేగాన్నీ మారుస్తుంది, పరిమాణాన్నీ మారుస్తుంది. అయితే అన్నిటికీ ఒకేలా కాదు. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే ఉప్పు 36 నుంచి 39 గ్రాములకే పెరుగుతుంది. పొటాషియం నైట్రేటు 32 గ్రాముల దగ్గర మొదలై 240 దాటుతుంది. కాబట్టి ‘వేడి చేస్తే బాగా కరుగుతుంది’ అని సూత్రంలా రాయకండి, ఏ పదార్థమో చెప్పండి.

వాయువులు దీనికి తలకిందులు. లీటరు నీటిలో ఆక్సిజన్ సున్నా డిగ్రీల దగ్గర సుమారు 14.6 మిల్లీగ్రాములు కరిగి ఉంటే, 30 డిగ్రీలకు అది 7.6కు పడిపోతుంది. నీళ్లు మరగకముందే గిన్నె గోడలకు అంటుకునే చిన్న బుడగలు ఇలా బయటపడిన గాలే. మిగతాది వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఉప్పు సంతృప్త ద్రావణం చేసి, వడకట్టి, సరిగ్గా 50 గ్రాములు తూచి వెడల్పాటి పళ్లెంలో పోయండి. పొయ్యి మీద పెట్టొద్దు, చివర్లో ఉప్పు చిటపటలాడి ఎగిరిపోతుంది, లెక్క తప్పుతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మిగిలిన ఉప్పును తూచండి. తూచే ముందే ఎంత రావాలో లెక్కగట్టి రాసి పెట్టుకోండి. 18 గ్రాములని రాస్తే 36 గ్రాములు 100 గ్రాముల దేనికి అన్నామో మళ్లీ చదవండి: నీటికి, ద్రావణానికి కాదు.