హనుక్కా పిలుపుకు వెళ్తున్నారా? శుక్రవారం కాస్త చూసుకోండి

రోజుకో దీపం పెంచుతూ ఎనిమిది రోజులు జరిపే యూదుల పండుగ హనుక్కా. 2026లో అది డిసెంబర్ 4న, శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. ఎనిమిదో దీపం 11న, అదీ శుక్రవారమే. శుక్రవారం పొద్దుగూకితే యూదులకు షబ్బత్, అంటే శనివారం చీకటి పడేదాకా పనులు మానేసే విశ్రాంతి రోజు. నిష్ఠగా ఉండే ఇళ్లలో ఇక మంట ముట్టించరు, ఆర్పరు, వెలుగుతున్న మెనోరాను (ఈ దీపాలు పెట్టే స్టాండును) అంగుళం కూడా జరపరు. అందుకే చూసుకోవాల్సిందంతా వెలిగించక ముందే చూసుకోవాలి. న్యూజెర్సీలో పక్కింటివాళ్లతో ఈ పండుగకు కూర్చోవడం మాకు అలవాటు. కొత్తగా పిలుపు అందుకున్న మనవాళ్ల కోసం ఇది.

ముందు టైమ్ సంగతి. ఆ రోజుల్లో ఇక్కడ నాలుగున్నరకే సూర్యాస్తమయం. షబ్బత్ కొవ్వొత్తులు అంతకు 18 నిమిషాల ముందు, హనుక్కా దీపం వాటికంటే ముందు. ఆఫీసు కాల్ ముగించుకుని ఐదింటికి వెళ్తే దీపం వెలిగించడం చూడలేరు.

ఆ దీపం బాగా చీకటి పడ్డాక కూడా అరగంట వెలగాలి. పెట్టెకు 44 చొప్పున వచ్చే సన్న రంగు కొవ్వొత్తులు శుక్రవారానికి చాలవు. అందుకని లావువి పెడతారు, లేదా ఆలివ్ నూనె ఎక్కువ పోస్తారు. చిక్కంతా ఇక్కడే. ఎనిమిదో రోజు షమాష్‌తో (మిగతావాటిని వెలిగించే దీపంతో) కలిపి తొమ్మిది లావు కొవ్వొత్తులను చిన్న మెనోరాలో ఇరికిస్తే, పక్కదాని వేడికి ఒకటి మెత్తబడుతుంది. ఓసారి మా కళ్లముందే ఒక కొవ్వొత్తి నడుం వంచి పక్కదాని మీద వాలింది, రెండు మంటలూ కలిసి జానెడు లేచాయి. మామూలు రోజు కాబట్టి ఆర్పేశారు. ఏ మంటకామంట విడిగా ఉండాలని వాళ్ల శాస్త్రమూ చెబుతుంది. ఎడం ఎక్కువున్న మెనోరా, అడుగున వెడల్పాటి స్టీలు పళ్లెం ఉంటే నయం. ప్లాస్టిక్ ట్రే వద్దు.

వీధిలోకి కనపడాలని దీపాన్ని కిటికీలో పెడతారు. కర్టెన్లు ఉండేదీ అక్కడే, హీటర్ గాలికి అవి ఊగేదీ అక్కడే. కర్టెన్ పక్కకు లాగి గట్టిగా కట్టేయాలి. అంగడి బయటి దీపం తగిలి దారిన పోయే ఒంటె మీది నార మోపు అంటుకుంటే నష్టం ఎవరిదని వాళ్ల పాత ధర్మశాస్త్రం మిష్నాలోనే చర్చ ఉంది. దుకాణదారుడిదే, కానీ అది హనుక్కా దీపమైతే కాదన్నాడు అందులోని పండితుడు రబ్బీ యెహూదా. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ మాట వినరు.

కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకు పేరుస్తారు, వెలిగించేది మాత్రం ఎడమ నుంచి. కుడిచేతివాటం వాళ్లకు వెలిగిన మంట మీదుగా చెయ్యి పోదు. ఫొటో కోసం ముందుకు వంగే మనకే ప్రమాదం. పమిట చెంగు దోపుకోండి, చున్నీ ముడేసుకోండి. షబ్బత్ మొదలయ్యాక ఫోన్ లోపల పెట్టేయండి. బాత్రూమ్ నుంచి వస్తూ అలవాటుగా లైట్ ఆర్పకండి, మళ్లీ వాళ్లు వేసుకోరు. దీపం కొండెక్కిందని మెనోరా తీసి సర్దబోకండి. నిజంగా నిప్పంటుకుంటే మాత్రం మొహమాటం వద్దు. ప్రాణం ముందు షబ్బత్ కూడా పక్కకు తప్పుకుంటుంది, 911కి ఫోన్ చేయొచ్చు.

వంటింట్లో లాట్కేలు, అంటే ఆలుగడ్డ తురుముతో వేసేవి. తురుము గట్టిగా పిండకపోతే గారెల పిండి పల్చనైనప్పుడు చిందినట్టే నూనె చిందుతుంది. మూకుడు అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టాలి, నీళ్లు పోయకూడదు.

చేత్తో స్వీటు డబ్బా పట్టుకెళ్లేముందు అడగండి. కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) వంటింట్లోకి మన గులాబ్ జామూన్ రాకపోవచ్చు. కోయని పళ్లయితే సులువు. అదీ శుక్రవారం మధ్యాహ్నానికే ఇచ్చేయండి.

సినగాగ్‌లోనో (యూదుల ప్రార్థన మందిరంలోనో) పార్కులోనో వేడుకైతే పేరు ముందే రాయించుకోండి, బ్యాగు తీసుకెళ్లకండి. 2025 డిసెంబర్ 14న సిడ్నీ బోండై బీచ్‌లో హనుక్కా వేడుక మీద కాల్పులు జరిగాయి. గేటు దగ్గర తనిఖీ చేస్తే విసుక్కోవద్దు. ప్రమాదకాలంలో దీపం ఇంట్లో బల్లమీద పెట్టుకున్నా చాలని మిష్నా మీది చర్చల గ్రంథం తాల్ముద్ ఎప్పుడో చెప్పింది. మిమ్మల్ని పిలిచినవాళ్లు ఈసారి అలా చేస్తే కారణం అడగకండి.

రెండో దీపం శనివారం చుక్కలు పొడిచాకే. కిటికీ గట్టు మీద కారిన మైనం అప్పటిదాకా అలాగే ఉండనివ్వండి.