ఓడెక్కి వెళ్లిన పూర్వీకుల ఊరు ఎలా కనిపెట్టాలి?

మద్రాసు నుంచి కూలి ఒప్పందం మీద మనుషులను ఎక్కించుకుని వెళ్లిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలో నాటాల్ ప్రాంతపు దర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నాటాల్‌కు సుమారు 1,52,000 మంది భారతీయులు వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. తెలుగువాళ్లు మారిషస్‌కు అంతకంటే ముందే వెళ్లారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఇప్పుడు అక్కడి ముని మనవళ్లు మన ఊళ్ల కోసం వెతుకుతున్నారు. ఇక్కడేమో ‘మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు’ అని చెప్పుకునే ఇళ్లు ఉన్నాయి. రెండు వైపుల వాళ్లకూ పనికొచ్చే దారి ఇది.

ఇంటిపేరుతో మొదలుపెట్టకండి

తెలుగువాళ్లం ఎవరి గురించి అడిగినా ముందు ఇంటిపేరే అడుగుతాం. ఓడ రిజిస్టర్లలో ఆ గడే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలో గాయం గుర్తులో రాసుకున్నారు. అక్కడికి చేరాక మనిషి పేరే పిల్లలకు ఇంటిపేరైపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకని ఇంటిపేరు చివర్లో దొరకాల్సినది, మొదట పట్టుకోవాల్సినది కాదు.

మొదట పట్టుకోవాల్సింది నంబరు

వెళ్లిన ప్రతి మనిషికీ ప్రభుత్వం ఒక నంబరు ఇచ్చింది. పేరును పది రకాలుగా రాశారు కానీ నంబరు మాత్రం మారలేదు. ఇంట్లో ఉన్న పాత పెళ్లి పత్రాలు, జనన, మరణ పత్రాలు అన్నీ బయటికి తీసి అంచులు, వెనక వైపులు కూడా చూడండి. వలస వచ్చినవాళ్ల నంబరు వాళ్ల పిల్లల పత్రాల్లో కూడా ఉండొచ్చు. దక్షిణాఫ్రికాలో ఆస్తి పంపకాల దస్త్రాలతో ఉండే మరణ నోటీసులో చనిపోయినవాళ్ల తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు ఉంటాయి కాబట్టి అది దొరికితే పని సగం తేలికవుతుంది.

నంబరు తెలిశాక నాటాల్ జాబితాల కోసం క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌ను, మారిషస్ రికార్డుల కోసం మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ను, ఫిజీ వలస పాసుల (ఓడెక్కే ముందు ఒక్కొక్కరికీ రాసిన పత్రాల) కోసం ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌ను అడగండి. మారిషస్ రికార్డుల్లో 1860ల తర్వాత వచ్చిన చాలామంది ఫొటోలు కూడా ఉన్నాయి. ఫిజీ పాసులో దగ్గరి బంధువు పేరు రాసే చోటు ఉంటుంది. అది ఖాళీగా లేకపోతే అంతకు మించిన ఆధారం ఇంకోటి లేదు.

మీకు కావాల్సిన వరుస ఒక్కటే రాసుకుని వచ్చేయకండి. దాని పైన, కింద ఉన్న వరుసలు కూడా రాసుకోండి. ఒకే ఊరివాళ్లు, అన్నదమ్ములు, మొగుడూ పెళ్లాలు చాలాసార్లు పక్కపక్క నంబర్లలో ఉంటారు. ఒకచోట చదవడానికి రాని ఊరి పేరు పక్క వరుసలో తేటగా కనిపించవచ్చు.

పేరును పైకి చదవండి

గుమాస్తా తన చెవికి వినపడింది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. కాగితం మీద చూస్తే అర్థం కాని పేరు, నాలుగైదు రకాలుగా పైకి పలికితే పట్టుబడుతుంది. ‘సామి’ అని ముగిస్తే అది స్వామి కావచ్చు. ‘గడు’ అని ఉంటే గాడు.

జిల్లా చెరిగిపోయినా పేరే ప్రాంతాన్ని చెప్పే సందర్భాలున్నాయి. అప్పల, సింహాద్రి, సన్యాసి, పైడి అనే మాటలతో పేరుంటే ముందు ఉత్తరాంధ్ర వైపు చూడండి. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి పేర్లు పిల్లలకు పెట్టుకునే నేల అది. నూకరాజు, నూకాలు అంటే అనకాపల్లి చుట్టుపక్కల గుర్తొస్తుంది. ‘ముని’తో మొదలయ్యేవి చిత్తూరు, ఆర్కాటు వైపు ఎక్కువ. ఇది రుజువు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే సూచన మాత్రమే. నా దృష్టిలో ఈ పనిలో తెలుగు తెలిసినవాళ్లు చేయగలిగిన పెద్ద సాయం ఇదే. విదేశాల్లో ఉన్న మనవళ్లకు ఈ పేర్ల వెనకున్న దేవతలు తెలియకపోవచ్చు.

వయసును అంతగా నమ్మకండి, అంచనాగా వేసినవే ఎక్కువ. కులం గడిలో కూడా వెళ్లినవాళ్లు చెప్పింది, గుమాస్తాకు అర్థమైంది కలిసిపోయి ఉంటాయి. చెప్పకుండా ఇల్లు వదిలినవాళ్లు పేరు మార్చి చెప్పి ఉండే అవకాశం కూడా ఉంది.

పాత జిల్లాను ఇప్పటి మ్యాపులోకి తేవాలి

చికాకోల్ అంటే శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ. అసలు చిక్కు సరిహద్దులతో వస్తుంది. గుంటూరు జిల్లా 1904లో, చిత్తూరు జిల్లా 1911లో, శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. 1880లో విశాఖపట్నం జిల్లా అని రాసిన ఊరు ఇవాళ విజయనగరంలోనో పార్వతీపురం మన్యంలోనో ఉండొచ్చు. ఉత్తర ఆర్కాటు అని ఉంటే చిత్తూరు వైపు కూడా చూడాలి. గంజాం జిల్లాలో ఎక్కువ భాగం 1936లో ఒడిశాకు వెళ్లింది, కొంత ఇప్పటి శ్రీకాకుళం వైపే ఉండిపోయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి.

రామవరాలు, కొత్తవలసలు ఒకటి కాదు కదా. అందుకే ఊరి కంటే ముందు తాలూకా తేల్చుకోండి. పాత జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో తాలూకా వారీగా ఊళ్ల జాబితాలుంటాయి. వాటిని పక్కన పెట్టుకుని, మీరు పైకి పలికి రాసుకున్న రూపాలతో పోల్చి చూడండి.

ఊళ్లో ఎవరిని అడగాలి

భూమి ఉన్న కుటుంబమైతే ఏ పొలం ఎవరిదో రాసిన పాత భూమి రికార్డులు చూడొచ్చు: మామూలు ఊరికి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, జమీందారీ ఊరైతే ఎస్టేట్ రద్దు తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. తండ్రి పేరుతో వెతకండి. వెళ్లినవాళ్లలో చాలామంది భూమి లేని కూలీలు కాబట్టి కాగితం దొరకలేదని అక్కడితో ఆపేయకండి. క్రైస్తవ కుటుంబమైతే మిషన్ చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు ఉన్నాయేమో కనుక్కోండి. కరణం వ్యవస్థ 1984లో రద్దయింది, అయినా పాత కరణాల ఇళ్లలో ఊరి సంగతులు తెలిసిన పెద్దలుంటారు. కొన్ని కులాలకు గోత్రాలు, వంశక్రమం చెప్పే పిచ్చుకుంట్లవాళ్లు ఇంకా తిరిగే ప్రాంతమైతే వాళ్లను తప్పక కలవండి. కాగితంలో లేని ఇంటిపేరు వాళ్ల నోట వినిపించవచ్చు.

నాటాల్, ఫిజీ అంటే ఊళ్లో ఎవరికీ తెలియకపోవచ్చు. ‘ఓడెక్కి పోయినవాళ్లు మీ ఇళ్లలో ఉన్నారా? రంగం పోయారని చెప్పుకునేవారా?’ అని అడగండి. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఒకప్పుడు మనవాళ్లు ఎక్కువగా వెళ్లింది అక్కడికే కాబట్టి, సముద్రం దాటిన మనిషిని ఆ లెక్కలోనే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఉండొచ్చు.

ముందుగానే ఒక మాట తేల్చి చెప్పండి: ఆస్తి కోసం రాలేదని. తెలియనివాళ్లు వచ్చి తాతల పేర్లు అడిగితే పొలం తగాదా ఏమోనని ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కులం సంగతి నలుగురిలో అడగకండి, అవసరమైతే ఇంటి పెద్దతో విడిగా మాట్లాడండి. పేరు ఒక్కటి కలిసిందని బంధుత్వం కలుపుకోకండి. తండ్రి పేరు, ఊరు, వెళ్లిన కాలం మూడూ సరిపోవాలి. సరిపోతే రిజిస్టర్ వరుస నకలు, మీ వైపు వంశవృక్షం తెలుగులో రాసి ఆ ఇంటివాళ్లకు ఒక ప్రతి ఇచ్చి, ఫోన్ నంబరు తీసుకుని రండి.