మలేరియా: పొగమందు కన్నా గోడ, దోమతెర, 14వ రోజు మాత్ర

ఊళ్లో నలుగురికి చలిజ్వరం రాగానే అందరూ ముందు అడిగేది పొగమందు. పొగ కంటికి కనిపిస్తుంది కనుక ఏదో చేశారన్న తృప్తి మిగులుతుంది. కానీ అది ఆ క్షణాన గాలిలో ఎగిరే దోమలకే తగులుతుంది. మలేరియా దోమ ఆ వేళకు ఇంట్లోనో పశువుల పాకలోనో గోడను పట్టుకుని ఉంటుంది.

రోగి రక్తం తాగిన ఆడ అనాఫిలిస్ దోమ వెంటనే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. మలేరియా క్రిమి దాని పొట్ట గోడలో పెరిగి లాలాజల గ్రంథులకు చేరాలి. మన వేడికి అందుకు సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూసింది ఈ ఎదుగుదలలో ఒక దశనే. చాలా దోమలు అన్నాళ్లు బతకవు. బతికిన కొన్నింటి ఆయుష్షు తగ్గిస్తే మలేరియా తగ్గుతుంది. గోడకు మందు కొట్టేది, మందు దోమతెర కట్టేది అందుకే.

స్ప్రే వాళ్లు వచ్చే రోజు గింజలు, గిన్నెలు, నీళ్ల కుండలు బయట పెట్టండి. కదలనివి కప్పండి. పడకగది, వంటిల్లు, చూరు లోపలివైపు, మంచాల అడుగుభాగం, పశువుల పాక అన్నీ తడవాలి. ఒక్క గది వదిలేసినా దోమలకు అదే విడిది అవుతుంది. మందు పూర్తిగా ఆరాకే లోపలికి వెళ్లాలి. పాడేరు, చింతపల్లి వైపు మట్టి ఇళ్లలో పని చెడేది ఆ తర్వాతే: గోడ మీద మరకలు బాగాలేవని వారం తిరక్కుండా అలికేస్తారు. మందు మట్టి కింద పడిపోతుంది. రెండున్నర నెలలు అలకకూడదు, సున్నం వేయకూడదు. పెళ్లో పండగో ఉంటే స్ప్రేకి ముందే అలికేసుకోవాలి.

మందు దోమతెరను కవరులోంచి తీశాక ఒక రోజంతా నీడలో ఆరేయండి. ఎండలో వేస్తే మందు బలం పోతుంది. ఉతికితే మామూలు సబ్బు, చల్లటి నీళ్లు చాలు, బ్లీచింగ్ వద్దు. సుమారు 20 ఉతుకుల దాకా పనిచేస్తుంది కనుక మూడు నెలలకోసారి మించి ఉతకొద్దు. ఆ నీళ్లు చేపలకు విషం, గెడ్డలో (వాగులో) ఉతకకండి. అంచులు చాప కిందికి మడవాలి. పోడు పొలంలో కాపలా పడుకునేవాళ్లు తెరను అక్కడికీ తీసుకెళ్లాలి, ఈ దోమ కుట్టేది రాత్రిపూటే.

మురుగు కాలువలు తీయిస్తే బోదకాలు తెచ్చే క్యూలెక్స్ తగ్గుతుంది, మలేరియా మాత్రం పెద్దగా తగ్గదు. అనాఫిలిస్‌కు కాస్త శుభ్రమైన నీళ్లు కావాలి: కొండల్లో గెడ్డ అంచున నిలిచిన నీరు, పట్నంలో మూత లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, కట్టే ఇంటి నీళ్ల తొట్టి. నీటి మీద అడ్డంగా, చదునుగా తేలే దోమపిల్ల దీనిది. తలకిందులుగా వేలాడేది క్యూలెక్స్‌ది. గుడ్డు దోమ కావడానికి సుమారు 8 నుంచి 10 రోజులు పడుతుంది కనుక తొట్లు వారానికోసారి ఖాళీ చేసి, లోపల రుద్ది, ఆరబెట్టాలి. వాడని బావుల్లో దోమపిల్లల్ని తినే గంబూషియా చేపలు వేయొచ్చు. చెరువుల్లో వద్దు, అవి మన చేపపిల్లల్ని తినేస్తాయి.

జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర కిట్ పరీక్ష చేయించండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో ఫలితం చూడాలి. చాలాసేపటికి కనిపించే గీతను నమ్మొద్దు. మలేరియాలో ప్రమాదకరమైన రకం ఫాల్సిపేరం. కిట్‌లో దాని గీత జబ్బు నయమయ్యాక కూడా కొన్ని వారాలు రావచ్చు, అప్పుడు రక్తపూత (గాజుపలక మీద రక్తం పూసి చేసే పరీక్ష) తీయించాలి. ఫాల్సిపేరం అయితే ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. మతి తప్పినా, మూర్ఛ వచ్చినా, తాగింది నిలవకపోయినా నేరుగా ఆసుపత్రికే.

వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియాకు మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం దిగుతుంది. అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. క్రిములు కాలేయంలో నిద్రపోతూ ఉండి నెలల తర్వాత లేస్తాయి, మళ్లీ ఊళ్లోని దోమలకు అందుతాయి. వాటి కోసమే 14 రోజుల ప్రిమాక్విన్. అన్నం తిన్నాక వేసుకోవాలి. అరగంటలోపు వాంతయితే ఆశా కార్యకర్తను అడిగి మళ్లీ వేసుకోవాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు. మూత్రం నల్లటి కాఫీ రంగులో వస్తే మాత్ర ఆపి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.