పది మీటర్ల గురి – మూడో పాఠం: ఏ రైఫిల్ కొనాలి?

పోయిన పాఠంలో ఏ కన్నుతో గురి చూడాలో తేల్చుకున్నాం. గోడ మీద చుక్క పెట్టుకుని, ఊపిరి సగం వదిలి ఆపడం సాధన చేశాం. ఇంతవరకూ ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు. ఈసారి పది మీటర్ల గురికి ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో కాల్చే తుపాకీ, కొనే సంగతి చూద్దాం. దానికంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్లలో ఎక్కువమంది అడిగేది అదే: "అన్నా, అమెరికా వీడియోల్లో 9 ఎంఎం కార్బైన్ పట్టుకుని ఇనప పలకల మీద టంగుటంగుమని కొడతా ఉంటారు కదా, అట్లాంటిది మనకు దొరకదా?"

దొరకదు. 9 ఎంఎం మన దేశంలో నిషిద్ధ బోర్ (బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). మామూలు లైసెన్సుతో అది చేతికి రాదు. మన దగ్గర 9 ఎంఎం కార్బైన్, అంటే పిస్తోలు తూటా వాడే పొట్టి రైఫిల్, కనిపించేది పోలీసుల భుజాన, సైనికుల భుజాన మాత్రమే. అయినా ఆ ప్రశ్నను కొట్టిపారేయను. అమెరికావాళ్లు దాన్ని ఎందుకు ఇష్టపడతారో తెలిస్తే మనం ఏం కొనాలో సగం తెలిసినట్టే.

పిస్తోలు తూటాను పొడుగు తుపాకీలో వాడటం పాత ఆలోచనే. వించెస్టర్ కంపెనీ 1873లో తెచ్చిన రైఫిల్‌కు వాడిన తూటానే, 1878లో కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌లోనూ పట్టేలా చేసింది. ఒకే తూటా, రెండు తుపాకులు. ఇప్పటి రూగర్ పీసీ కార్బైన్‌లో గ్లాక్ పిస్తోలు మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బీలు) కూడా పెట్టుకోవచ్చు. రైఫిల్ తూటాతో పోలిస్తే ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ. భుజానికి ఆనించి కాలుస్తారు కాబట్టి పిస్తోలుతో తప్పేవాడికి కూడా దీంతో గురి కుదురుతుంది. సరదాగా పూటంతా కాల్చుకోవచ్చు.

ఒక్క చిక్కు మాత్రం కొన్నాక గానీ తెలియదు. ఈ కార్బైన్లలో చాలావాటికి బోల్ట్‌ను, అంటే తూటా వెనక గొట్టాన్ని మూసే ఇనప ముక్కను, బిగించే తాళం ఉండదు. బోల్ట్ బరువు, స్ప్రింగ్ బలం, ఈ రెండే పేలుడును తట్టుకోవాలి. అందుకని బోల్ట్‌ను బరువుగా చేస్తారు. ఆ ఇనప ముద్ద వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి కొట్టుకుంటుంది. చిన్న తూటా కదా అని కొన్నవాళ్లు భుజం మీద ఆ కుదుపు చూసి ఆశ్చర్యపోతారు. ఈ ఇనప ముద్దను గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ తగులుతుంది.

మనకు చట్టం తెరిచి ఉంచిన దారి ఎయిర్ రైఫిల్. ఆయుధ నియమాలు 2016 ప్రకారం బోర్ 0.177 అంగుళాలకు, అంటే 4.5 మి.మీ.కు మించకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్‌కు మించకుండా ఉంటే ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. షాపులో గుర్తింపు కార్డు అడుగుతారు, ఇవ్వండి. బిల్లు జాగ్రత్తగా దాచుకుని, రైఫిల్‌ను ఇల్లు దాటించినప్పుడల్లా సంచిలో పెట్టుకోండి. బిల్లు కూడా ఆ సంచిలోనే ఉండాలి. సీమలో భుజాన తుపాకీ కనిపిస్తే చూసేవాళ్లకు ముందుగా సినిమానే గుర్తొస్తుంది. ఆ టెన్షన్ మనకెందుకు? .22 బోర్ రైఫిల్‌కైనా, 5.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కైనా లైసెన్సు కావాల్సిందే. ఇంటర్నెట్‌లో 'లైసెన్సు లేకుండా' అని రాసి అమ్మేవాటి బోర్ ఎంతో చూడకుండా డబ్బు కట్టొద్దు.

ముందు గోడ, తర్వాత రైఫిల్

రైఫిల్ గురించి ఆలోచించే ముందు, గురి వెనక ఏముంటుందో చూసుకోండి. మన జిల్లాలో ఈ మాట గట్టిగా చెప్పాల్సిన కారణం ఉంది. కడప, జమ్మలమడుగు, మైదుకూరు వైపు ఎక్కడ చూసినా నేల మీద బండలే, ప్రహరీకి నిలబెట్టినవీ బండలే. నున్నటి, గట్టి నల్లబండ మీద పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు, తగిలితే వెనక్కి ఎగిరి రావచ్చు. బండ పెచ్చు కూడా లేచి కంటికి తగలొచ్చు. బండకు నేరుగా గురి కార్డు అంటించి కాల్చడం ఎప్పటికీ వద్దు.

చెక్కతో ఒకటిన్నర అడుగుల పెట్టె చేయించండి. వెనక 3 మి.మీ. ఇనప రేకు పెట్టి, దాని ముందు పాత చీరలు, పంచెలు, దుప్పట్లు గట్టిగా కుక్కండి. వదులుగా కుక్కితే లాభం లేదు, పిడికిలితో గుద్దితే చెయ్యి దిగబడకూడదు. ముందు వైపు అట్ట బిగించి, దాని మీద కార్డు పెట్టండి. అన్ని పెల్లెట్లూ ఒకేచోట దిగుతుంటే కొన్నాళ్లకు బట్టలో సొరంగం పడుతుంది. రేకు మీద టక్కుమని చప్పుడు వినిపించిందంటే ఆ సొరంగం వెనకదాకా వెళ్లిందని అర్థం. అప్పుడు బట్ట తీసి మళ్లీ కుక్కాలి.

పది మీటర్లంటే సుమారు 33 అడుగులు. పాతకాలపు ఇళ్లలో వీధి వాకిలి నుంచి పెరటి దాకా అంత దూరం సులువుగా వస్తుంది. మధ్యలో పక్కగది తలుపు ఉంటే అది లోపలి నుంచి గడియ పెట్టి ఉండాలి. మిద్దె మీద కాల్చాలనుకుంటే పిట్టగోడ ఎత్తు, పక్కింటివాళ్ల మిద్దె, మెట్ల తలుపు, మూడూ చూసుకోండి. మిద్దె మీద గాలి కూడా ఉంటుంది, కొత్తవాళ్లకు అది అదనపు చిక్కు. నన్నడిగితే ఇంట్లోనే నయం.

శక్తి మోజు

షాపుకు వెళ్తే మొదట చెప్పేది వేగం. 'వెయ్యి ఎఫ్‌పీఎస్', అంటే సెకనుకు వెయ్యి అడుగులు, అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది చాలాసార్లు మరీ తేలికైన పెల్లెట్‌తో రాబట్టిన లెక్క. పోటీల్లో వాడే 0.53 గ్రాముల పెల్లెట్‌ను 20 జౌల్స్ హద్దు దగ్గర కాల్చినా వేగం సెకనుకు 275 మీటర్ల (సుమారు 900 అడుగుల) దగ్గరే ఆగుతుంది.

అసలు అంత వేగం దేనికి? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ తరగతి రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జౌల్స్. మన చట్టం ఇచ్చిన హద్దులో సగం కూడా కాదు. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల చుట్టూ వెళ్తుంది. కాగితానికి చిల్లు పడటానికి అది చాలు. ఆ కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, ఆవగింజ కన్నా చిన్నది. దాన్ని తాకాలంటే రైఫిల్ కదలకుండా ఉండాలి, శక్తి ఎంత ఉన్నా ఆ పని చేయదు.

"పంది చచ్చాదా అన్నా దీంతో?" అని శనగచేను ఉన్నవాళ్లు అడుగుతుంటారు. చావదు. గాయంతో పారిపోయి, ఎక్కడో కుళ్లి చస్తుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం ఉంది. నెమలి మీద గురి పెడితే జైలుకు పోవాల్సి వస్తుంది. ఈ పాఠాలు కాగితం మీద కాల్చడానికి మాత్రమే.

మూడు రకాలు

సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువు) నింపిన గుళికతో పనిచేసేవి ఉన్నాయి. కడప ఎండకు అవి వద్దు. ఆ వాయువు ఒత్తిడి ఎండను బట్టి మారుతుంది, 31 డిగ్రీలు దాటితే దాని పద్ధతే మారిపోతుంది. ఏప్రిల్‌లో పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట తగులుతుంది.

పీసీపీ అంటే ముందే గాలి నింపిన సిలిండర్ ఉన్నది. పోటీ రైఫిళ్లన్నీ ఇప్పుడు ఇవే: వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, స్టేయర్. కుదుపు దాదాపు ఉండదు. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దాకా గాలి నింపాలి. చేతిపంపుతో కొడితే చొక్కా తడిసిపోతుంది. వెల్డింగ్ షాపులోనో ఆస్పత్రిలోనో దొరికే ఆక్సిజన్ మాత్రం ఎవరెంత చెప్పినా నింపొద్దు. నూనె తడి తగిలితే అది పేలుతుంది. ఎండలో నిలిపిన కారులో సిలిండర్‌ను వదలొద్దు. గడువు దాటిన సిలిండర్ పోటీలకు పనికిరాదు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొంటే సిలిండర్ మీది తేదీ చూడండి. మంచి పోటీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. జిల్లా పోటీల దాకా వెళ్లాలని గట్టిగా అనుకున్నాక దాని గురించి ఆలోచిద్దాం.

మనలో ఎక్కువమందికి సరిపోయేది స్ప్రింగ్ రైఫిల్. బ్యారెల్‌ను కిందికి విరిస్తే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే పిస్టన్ ముందుకు దూసుకుపోయి, ఆ గాలి ఒత్తిడితో పెల్లెట్‌ను తోస్తుంది. సిలిండర్ లేదు, పంపు లేదు, గుళికలు లేవు. ప్రెసిహోల్ లాంటి మన దేశపు తయారీలు వేలల్లోనే వస్తాయి.

ఇందాక గుర్తుంచుకోమన్న ఇనప ముద్ద ఇక్కడ ఉంది. పిస్టన్ ముందుకు ఉరికినప్పుడు రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివర గాలి దిండుకు కొట్టుకోగానే రైఫిల్ ముందుకు దూకుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే ఈ కదలిక మొదలైపోతుంది. అందుకే రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే గుండ్లు చెదురుతాయి, ఎందుకంటే మన బిగువు ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద రైఫిల్‌ను ఊరికే కూర్చోబెట్టండి. వేళ్లు చుట్టొద్దు. అది ఎటు కదిలితే అటు కదలనివ్వండి, ప్రతిసారీ ఒకేలా కదిలితే చాలు. శక్తి పెరిగేకొద్దీ ఈ తన్నుడూ పెరుగుతుంది. కాబట్టి స్ప్రింగ్ రైఫిళ్లలో 10 నుంచి 12 జౌల్స్ ఉన్నది తీసుకోండి, 20 జౌల్స్‌ది వద్దు. బ్యారెల్ విరవడం కూడా తేలికవుతుంది. గంటసేపు కాల్చాక ఆ తేడా భుజానికి బాగా తెలుస్తుంది.

ఈ రెండువైపుల తన్నుడుకు చవక టెలిస్కోప్‌లు లోపల ఊడిపోతాయి. పెద్ద తుపాకుల కోసం చేసినదాన్ని తెచ్చి బిగిస్తే పది మీటర్ల దగ్గర బొమ్మ మసకగానూ ఉంటుంది. మొదటి ఏడాది రైఫిల్‌తో వచ్చే సైట్లు, అంటే గురి చూసుకునే అమరికలు, చాలు.

షాపులో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రైఫిల్ ఖాళీ అని మీ కళ్లతో చూసుకుని, మూతి నేలవైపు ఉంచి, మోచెయ్యిని తొంభై డిగ్రీలు మడిచి, ఆ మడతలో బట్, అంటే రైఫిల్ వెనక చివర, ఆనించండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ దాకా సుఖంగా అందాలి. అందకపోతే అది మీకు పొడుగు. కణుపు దాటి లోపలికి పోతే పొట్టి. తర్వాత కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. సైటు కంటికి ఎదురుగా ఉండాలి. మెడ వంచో, తల ఎత్తో వెతుక్కోవాల్సి వస్తే ఇంకొకటి చూపించమనండి. షాపాయన విసుక్కున్నా పర్లేదు. పన్నెండేళ్ల పిల్లల కోసమైతే బరువు చూడండి. పోటీల్లో 5.5 కిలోల దాకా అనుమతి ఉంది గానీ పిల్లలకు మూడు కిలోలే ఎక్కువ.

ట్రిగ్గర్ నొక్కి చూస్తానంటే షాపాయన ఒప్పుకోకపోవచ్చు, అందులో ఆయన తప్పేమీ లేదు. పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ రైఫిల్ పేలిస్తే పిస్టన్ నేరుగా గోడకు కొట్టుకుని సీల్ పాడవుతుంది. పెల్లెట్ వేసి కాల్చి చూపించే చోటు ఉంటే అక్కడే కొనండి.

ఇంకొకటి, బ్యారెల్ విరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ను వదలొద్దు. పొరపాటున ట్రిగ్గర్ జారితే బ్యారెల్ విసురుగా మూసుకుంటుంది, బొటనవేలు మధ్యలో ఉంటే నలిగిపోతుంది.

పెల్లెట్లు చదును తలవి కొనండి. కార్డు మీద అంచు కత్తిరించినట్టు గుండ్రటి చిల్లు పడుతుంది, లెక్క పెట్టడం సులువు. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి. ఇనప గుండ్లు బ్యారెల్ లోపలి గాడులను అరగదీస్తాయి. ఒకే రకం పెల్లెట్ల పెద్ద డబ్బా కొనేయకుండా, మూడు రకాల చిన్న డబ్బాలు తెచ్చుకోండి. పెల్లెట్ వెనక అంచు నొక్కుకుపోయి ఉంటే పక్కన పడేయండి. సీసం కాబట్టి కాల్చిన ప్రతిసారీ తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వచ్చే పాఠంలో గురి కుదిరేలా సైటు సరిచేసుకుందాం. ఈలోగా పెట్టె చేయించి పెట్టుకోండి, కళ్లద్దాలు కొనుక్కోండి. మామూలు చత్వారపు అద్దాలు కాదు, వెల్డింగ్ షాపుల్లో గ్రైండింగ్‌కు వాడే తెల్ల సేఫ్టీ అద్దాలు. రైఫిల్ వస్తే సైటు మర జోలికి పోకుండా, బల్ల మీద మోచేతులు ఆనించి మూడు రకాల పెల్లెట్లతో మూడు కార్డుల మీద ఐదేసి కాల్చండి. చుక్కకు తగలకపోయినా పట్టించుకోవద్దు. ఏ కార్డు మీద ఐదు చిల్లులూ దగ్గరగా పడ్డాయో చూసి, దాని వెనక పెల్లెట్ పేరు పెన్సిల్‌తో రాసి ఉంచండి.