ఏళ్ళ తరబడి మూలపడ్డ పాత బైక్‌ని స్టార్ట్ చేసేముందు

బండి చేతికి రాగానే కిక్ కొట్టాలనిపిస్తుంది, కొట్టకండి, పిస్టన్ రింగులు సిలిండర్‌కి పట్టేసి ఉంటే లోపల గీతలు పడతాయి. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ కన్నంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున ప్లగ్ పెట్టకుండానే కిక్కర్‌ని చేత్తో మెల్లగా నొక్కి చూడండి, ఫ్రీగా తిరిగితే సగం టెన్షన్ పోయినట్టే.

ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం తీసేయాలి. కార్బొరేటర్‌లో అదే జిగురై పైలట్ జెట్‌ని, అంటే పెట్రోల్ వెళ్ళే సన్నటి కన్నాన్ని, మూసేస్తుంది, దాంట్లో మాత్రం తీగ గుచ్చొద్దు, కన్నం పెద్దదైతే మిక్స్చర్ పాడవుతుంది, క్లీనర్ కొట్టి గాలి పెట్టండి చాలు.

ఇంక పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్‌కి స్పార్క్ వచ్చేలా చేసే చిన్న స్విచ్చు. స్పార్క్ రాకపోతే నేను ముందు చూసేది ఇవే. వాడకుండా ఉంటే వాటి మొహాల మీద బూడిదరంగు పొర కడుతుంది, సన్నటి ఎమెరీ పేపర్ ముక్క మధ్యలో పెట్టి రెండుసార్లు లాగి, తర్వాత శుభ్రమైన కాగితంతో తుడవండి, పొడి మిగిలితే కథ మళ్ళీ మొదటికే. ఇంజన్‌ని మెల్లగా తిప్పుతూ పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపి, మధ్యలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి బ్లేడు) పెట్టండి, చాలా పాత బళ్ళకి ఈ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, మీ మాన్యువల్‌లో ఏముంటే అదే ఫైనల్. బ్లేడు కొంచెం పట్టి వదులుతుంటే సరిపోయినట్టు. గ్యాప్ మారిస్తే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కూడా జరుగుతుంది, అదీ చెక్ చేసుకోండి.