మూసుకుపోయిన పెగ్ ట్యూబు తెరుచుకున్న తీరు: నా అనుభవం

పక్షవాతం వల్ల మింగలేని మా నాన్నగారికి పొట్ట గోడ గుండా నేరుగా జీర్ణాశయంలోకి అమర్చిన పెగ్ ట్యూబు, మధురవాడలోని మా ఇంట్లో ఒక ఆదివారం ఉదయం రాగిజావ పోస్తుండగా మూసుకుపోయి, సిరంజి ఎంత నొక్కినా కదలలేదు. చన్నీళ్లు, కూల్‌డ్రింకు, చిన్న సిరంజితో గట్టిగా నెట్టడం, ఏవీ ఫలించలేదు. పైగా చిన్న సిరంజి ఒత్తిడికి గొట్టం చిట్లవచ్చునని నర్సుగారు ఫోనులో మందలించారు.

ఆవిడ చెప్పిన వరుసలోనే చేశాను. నాన్నగారిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, 50 మిల్లీలీటర్ల సిరంజితో గొట్టంలో నిలిచిన జావను వెనక్కి లాగి పారబోశాను. తరువాత గోరువెచ్చని నీళ్లు పట్టినంత మేర ఎక్కించి, బలవంతం లేకుండా ముందుకూ వెనక్కూ ఆడించి, క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) వేసి 20 నిమిషాలు ఆగాను. ఆలోగా బయటి గొట్టాన్ని వేళ్ల మధ్య మెల్లగా నలిపాను. మూడోసారికి సున్నపు ముద్దల వంటి తెల్లని పలుకులు సిరంజిలోకి వచ్చాయి. అడ్డుపడినది జావ కాదు, తొందరలో నేను జావలోనే కలిపేసిన మాత్రల పొడి.

ఇప్పుడు ఒక్కో మాత్రనూ విడిగా మెత్తగా నూరి, నీళ్లలో కరిగించి, ముందూ వెనుకా మంచినీళ్లు పోస్తున్నాను. నూరకూడని మాత్రలు కూడా ఉంటాయి కనుక ముందుగా డాక్టరుగారిని అడిగాను.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. మాది నెలల నాటి గొట్టం, అడ్డు బహుశా పైభాగంలోనే ఉంది. గొట్టం కొత్తగా వేసినదైనా, దాని చోటు నుంచి పక్కకు జరిగినట్లు అనిపించినా, నొప్పి ఉన్నా వీటిలో ఏదీ ప్రయత్నించకుండా ఆసుపత్రికే వెళ్లాలి.