టెక్సస్ లేక్‌లలో కయాక్ మీద చేపల వేట ఎలా మొదలుపెట్టాలి?

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది వారాంతాల్లో లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ లేక్‌ల ఒడ్డున గాలం పట్టుకుని కనిపిస్తారు. కొన్నాళ్లకు చూపు లోపలికి వెళ్తుంది. నీళ్లలో నిలబడిపోయిన ఆ ఎండు చెట్ల దగ్గరికి, ఆ మలుపు అవతలికి వెళ్తే చేప పడుతుందేమో అనిపిస్తుంది. పడుతుంది కూడా. తక్కువ ఖర్చుతో అక్కడికి వెళ్లే దారి కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. అయితే ఈ పని గాలంతో మొదలుపెట్టకూడదు, నీళ్లలో పడి మళ్లీ ఎక్కడంతో మొదలుపెట్టాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు అద్దెకు తీసుకోండి

మొదటి రెండు మూడు సార్లు కొనొద్దు. అడిగేటప్పుడు 'సిట్ ఆన్ టాప్' కయాక్ కావాలని చెప్పండి. ఇందులో పైన కూర్చుంటాం, కాళ్లు లోపల ఇరుక్కోవు. లోపలికి వచ్చిన నీళ్లు అడుగున ఉన్న రంధ్రాల నుంచి కిందికి పోతాయి. పొడవు 10 నుంచి 12 అడుగులు, వెడల్పు 32 అంగుళాలకు తగ్గకుండా ఉంటే కొత్తవాళ్లకి నిలకడగా ఉంటుంది. ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. మీ బరువు, సామాను, ఐస్ బాక్స్ అన్నీ కలిపి అందులో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి. అంచు దాకా నింపితే కయాక్ నీళ్లలో దిగబడి, చిన్న అలకే ఊగుతుంది.

లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి

టెక్సస్‌లో మనిషికో లైఫ్ జాకెట్ కయాక్‌లో ఉండి తీరాలి. 13 ఏళ్ల లోపు పిల్లలు అది తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లు తొడుక్కోవాలని చట్టం చెప్పకపోయినా, సీటు వెనక పెట్టుకున్న జాకెట్ వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. కయాక్ తిరగబడేది ఒక్క క్షణంలో. తర్వాత నీళ్లలో ఈదుతూ జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో ఒడ్డు దగ్గర ఒకసారి ప్రయత్నించి చూడండి, తెలుస్తుంది. మీకు ఈత వచ్చినా ఇది తప్పదు. జాకెట్‌కి ఒక విజిల్ కట్టుకోండి. ఫోన్‌ను వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి జాకెట్ జేబులోనే ఉంచుకోండి. అది కయాక్‌లో ఉండిపోతే, మీరు పడ్డాక అది ఒకవైపు, మీరు ఒకవైపు.

మొదటి రోజు: పడండి, ఎక్కండి

గాలం ఇంట్లోనే వదిలేయండి. తోడుగా ఒకరిని తీసుకుని, నడుము లోతు నీళ్లలో కావాలనే పక్కకు ఒరిగి పడండి. కయాక్ బోర్లా పడితే అడుగు మీదుగా చేయి చాచి అవతలి అంచు పట్టుకుని మీ వైపు లాగితే తిరుగుతుంది. తెడ్డు చేజారనివ్వొద్దు. తర్వాత సీటు పక్కకు వచ్చి రెండు చేతులూ కయాక్ మీద పెట్టి, కాళ్లను వెనక్కి నీటి పైకి తేలేలా గట్టిగా ఆడించండి. కాళ్లు కిందికి వేలాడుతుంటే ఎంత బలమున్నా ఎక్కలేరు. చాలామంది తప్పేది ఇక్కడే. కాళ్లు తేలాక పొట్టను సీటు మీదికి లాగండి. మొదట బొడ్డు సీటు మీదికి రావాలి. అక్కడి నుంచి వెల్లకిలా తిరిగి కూర్చోవాలి. పాదాలు చివర్లో లోపలికి తెచ్చుకోవాలి. ఈ వరసలో అలుపు రాకుండా మూడుసార్లు ఎక్కగలిగాకే లోతుకు వెళ్లండి.

నా మొదటి ట్రిప్‌లో నేనిది నేర్చుకోలేదు. బెండు మునగగానే ఒక పక్కకు వంగాను, మరుక్షణం నీళ్లలో ఉన్నాను. తోడొచ్చిన మిత్రుడు కయాక్‌ను అవతలి నుంచి గట్టిగా పట్టుకున్నాడు కాబట్టి ఎక్కగలిగాను. చేప కనిపించినప్పుడు ఒళ్లు దానంతటదే వంగుతుంది. అందుకే ఒక్క అలవాటు చేసుకోండి: మీ తల ఎప్పుడూ కయాక్ అంచు దాటి బయటికి పోకూడదు. చేపే మీ మోకాలి దగ్గరికి రావాలి, అక్కడ చిన్న వలబుట్టతో ఎత్తుకోవాలి.

గాలి, చలి, ఉరుము

బయల్దేరే ముందు గాలి ఎంతుందో చూడండి. గంటకు 10 మైళ్లు దాటితే కొత్తవాళ్లు ఆ రోజు మానుకోవడమే మంచిది. తక్కువున్నా, మొదట గాలికి ఎదురుగా తెడ్డు వేయండి. అలసిపోయాక అదే గాలి మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. గాలివాటున హాయిగా వెళ్లిపోయిన వాళ్లకే తిరుగు ప్రయాణంలో చేతులు పడిపోతాయి.

మార్చిలో బయట ఎండ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా లేక్ నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. చన్నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి ఎగబీల్చుకుంటుంది, నీళ్లు లోపలికి పోతాయి. బట్టలు ఎండను చూసి కాకుండా నీటిని చూసి వేసుకోండి. మొదటి ట్రిప్పులు మే, జూన్ ఉదయాల్లో పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డుకు రండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు.

వారాంతం మధ్యాహ్నాల్లో స్పీడ్ బోట్లు ఎక్కువ. అవి లేపే అలకు పక్క చూపకుండా ముక్కు దానికి ఎదురుగా తిప్పండి. లంగరు వేస్తే ముక్కు నుంచో తోక నుంచో వేయాలి. పక్క నుంచి వేస్తే కయాక్ ఒరిగిపోతుంది. మొదట్లో అసలు వద్దు.

లైసెన్స్, గాలం

17 ఏళ్లు నిండినవాళ్లకి ఫిషింగ్ లైసెన్స్ కావాలి. మామూలు వార్షిక లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. మోటారు లేని కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న ఎలక్ట్రిక్ మోటారు బిగించినా కావాలి.

సామాను తక్కువ పెట్టుకోండి. ఆరడుగుల స్పిన్నింగ్ రాడ్ ఒకటి, 8 పౌండ్ల లాగుడు తట్టుకునే లైన్ (గాలం తాడు), 8వ నంబరు కొక్కెం, బెండు, డబ్బాలో వానపాములు. ఎరను మూడడుగుల లోతున వేలాడదీసి కలుపు మొక్కల అంచున వేస్తే బ్లూగిల్ పడుతుంది. అరచేతిలో పట్టే చేప, కొత్త చేతులకి ఇంతకన్నా మంచిది లేదు, వేపుడుకీ రుచిగా ఉంటుంది. బాస్ అనే చేప అయితే చాలా లేక్‌లలో 14 అంగుళాల కన్నా చిన్నది వదిలేయాలి. మీరు వెళ్లే లేక్ నిబంధన ముందే చూసుకోండి. మన జెల్లల్లాగే క్యాట్‌ఫిష్‌కీ వీపు మీద, రెండు పక్కలా పదునైన ముళ్లుంటాయి. దాన్ని ఒళ్లో పడేసుకోకండి, వలబుట్టలోనే ఉంచి కటింగ్ ప్లేయర్‌తో కొక్కెం తీయండి.

ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి. ఆ టైం దాటి గంటైనా కబురు లేకపోతే 911కి చేయమని చెప్పి ఉంచండి. ఒడ్డుకు చేరగానే, కయాక్ కారు మీదికి ఎక్కించక ముందే, వాళ్లకి ఫోన్ చేయండి.